తెరమీది కీళ్లపరీక్ష



కీళ్లనొప్పితో వచ్చిన రోగిని ఏ వరుసను పరీక్షింపవలెనో వివరించుచు ఇంగ్లండు దేశపు అస్థివైద్యుడు ఆప్లే 1959లో ఒక పాఠ్యగ్రంథమును వెలువరించెను. ముందు కన్నులతో చూచుట, తరువాత చేతితో తాకుట, అటుపిమ్మట కీలును కదల్చుట అను ఆ మూడు మెట్ల క్రమము నేటికిని వైద్యకళాశాలలయందు చెక్కుచెదరక నిలిచియున్నది. అయితే ఇటీవలి సంవత్సరములలో, వైద్యుడొకచోటను రోగి వేరొకచోటను ఉండి, నడుమ నొక చిన్న గాజుతెర మాత్రమే యుండు పరిస్థితి యేర్పడి, ఆ మూడు మెట్లలో నడిమి మెట్టును తొలగించివేసినది. చూచుట యున్నది, కదలిక సగము దక్కినది, తాకుట లేదు. ఇట్లు చేసిన పరీక్ష ఎంతవరకు నమ్మదగినది, ఎక్కడ నమ్మరానిది అనునదే నేటి ప్రసంగవిషయము.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములవారికి ఇది పండితచర్చ కాదు. ఉదయగిరి దుర్గమునకు దిగువనున్న పల్లెలనుండి నెల్లూరు పట్టణము దాదాపు నూరు కిలోమీటర్లు; సీతారామపురము వారికి అంతకన్న నెక్కువ. మోకాలు వాచి, నడుము పట్టుకొనిపోయిన ముదుసలి తెల్లవారుజామున బస్సెక్కి, ఆసుపత్రి వరుసలో నిలిచి, చీకటిపడిన పిదప ఇల్లు చేరుట యనునది చికిత్సకంటె ముందుగా అనుభవింపవలసిన శిక్ష. తన కూలి పోవును. తోడు వచ్చిన కొడుకు కూలియు పోవును. కనుక, ఊరిలోని ఆరోగ్యకేంద్రముననే తెరముందు నిలిచి డాక్టరునకు మోకాలు చూపవచ్చునన్న మాట వారికెంత ఊరటయో వేరుగా చెప్పనక్కరలేదు.

దూరవైద్యము తెలుగునాట నిన్నటి మాట కాదు. 2000వ సంవత్సరముననే చిత్తూరు జిల్లా ఆరగొండలో అపోలోవారు టెలిమెడిసిన్ కేంద్రమును నెలకొల్పిరి. 2019 నవంబరులో కేంద్రప్రభుత్వపు ఈ-సంజీవని ఆంధ్రప్రదేశమున ఆరంభమైనది. పల్లెలోని కేంద్రమున సి.హెచ్.ఓ. అనబడు నర్సింగు చదివిన ఉద్యోగిని రోగిని తనయెదుట కూర్చుండబెట్టుకొని, హబ్బు అనబడు దూరకేంద్రములోనున్న వైద్యునితో మాటలాడించు పద్ధతి యది. కరోనా దినములలో, 2020 ఏప్రిలులో, రోగి తన యింటనుండియే వైద్యుని చూచు రెండవ మార్గమును తెరచిరి. దానికి కొలది దినముల ముందు, మార్చి 25న, దూరవైద్యమునకు జాతీయ నియమావళి వెలువడినది. రోగనిర్ణయమునకు శరీరపరీక్ష కీలకమని తోచినప్పుడు, అట్టి పరీక్ష ప్రత్యక్షముగా జరుగువరకు వైద్యుడు ముందుకు సాగరాదని అందు స్పష్టముగా చెప్పియున్నారు. పై రెండు మార్గములు చూచుటకు ఒకటిగనే తోచునుగాని, కీళ్లపరీక్ష విషయమున వాటికి హస్తిమశకాంతరము కలదు. మొదటిదానియందు రోగి ప్రక్కన శిక్షణపొందిన యొక చేయి యున్నది, రెండవదానియందు లేదు. నేను చెప్పబోవు విషయమంతయు ఈ భేదము చుట్టునే తిరుగును.

ముందు, తెర నిజము చెప్పు సందర్భములను చూతము. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున రస్సెల్ మొదలగు ఫిజియోథెరపీ పండితులు ఈ శతాబ్ది ఆరంభముననే, మోకాలికీలు మార్పిడి జరిగినవారిని తక్కువ వేగపు ఇంటర్నెట్టు మీదుగా పరీక్షించి, మోకాలు ఎన్ని డిగ్రీలు ముడుచుకొనుచున్నదో తెరమీద కొలిచి, దానిని ఎదుట కూర్చుండి కొలిచిన కొలతతో సరిపోల్చిరి. రెండును దగ్గర దగ్గరగ నుండెను. 2017లో వెలువడిన యొక సమీక్షావ్యాసము ఇట్టి అధ్యయనములను క్రోడీకరించి, నొప్పి, వాపు, కీలు కదలిక, కండబలము, నడక, నిలుకడ మొదలగువాటిని తెరమీద అంచనావేయుట నమ్మదగినదేయనియు, నడుము వంపుతీరును నిర్ణయించుట, కీళ్ల ప్రత్యేకపరీక్షలు, నరములను సాగదీసి చేయు పరీక్షలు, మచ్చల పరీక్ష మాత్రము అంత నమ్మదగినవి కావనియు తేల్చెను.

ఇచట నొక మాట. ప్రత్యక్షపరీక్షయే నూటికి నూరుపాళ్లు నిజమని తలచి తెరను దానితో తూచుట సరికాదు. ఒకే మోకాలిని ఇద్దరు అనుభవజ్ఞులు కోణమాపకముతో కొలిచినను అయిదు డిగ్రీల భేదము సాధారణముగ వచ్చును. కావున తెరమీది కొలత అయిదు డిగ్రీలు తప్పినదని నొసలు చిట్లించువారు, గదిలోని కొలతకు ఆ నియమమే వర్తింపజేయుదురా యని నాకు సందేహము. వేరొక చిక్కును మన్నింపరాదు: పదిమార్లు కొలిచి పదిమార్లును ఒకే సంఖ్య వచ్చినంతమాత్రమున అది నిజమైన సంఖ్య కానక్కరలేదు. కెమెరా వంకరగా పెట్టినచో పదిమార్లును ఒకే తప్పు వచ్చును.

దీనిని కొంచెము దగ్గరగా చూపెదను. చేతిని ప్రక్కకు 45 డిగ్రీలు పైకెత్తిన మనిషి కెమెరాకు సరిగా ఎదురుగ నిలిచినచో తెరమీద 45 డిగ్రీలే కానవచ్చును. ఆ మనిషియే కెమెరాకు 45 డిగ్రీలు ఓరగా తిరిగి నిలిచెనా, అదే చేయి అంతే ఎత్తున నున్నను తెరమీద 35 డిగ్రీలు మాత్రమే కనబడును. పదిడిగ్రీల చేతికదలిక ఎక్కడికిని పోలేదు. నిలిచిన తీరు దానిని మింగినది. భుజము పట్టుకొనిపోయినదని అట్టి కొలతతో నిర్ణయించినచో రోగము కెమెరాది, చికిత్స రోగికి.

ఒక పల్లె ఆరోగ్యకేంద్రమున జరిగిన పరీక్షను ప్రక్కన కూర్చుండి చూచితిని. ట్యాబును బి.పి. మిషను పెట్టెకు ఆనించి నిలిపిరి. ఏబదియేండ్లు దాటిన యొక స్త్రీ మోకాలినొప్పితో వచ్చినది. వెనుక కిటికీనుండి ఎండ కొట్టుటచే తెరమీద ఆమె నల్లని నీడవలె మాత్రమే కానవచ్చెను. సి.హెచ్.ఓ. కిటికీరెక్క మూసి, ట్యాబును బెంచీమీదికి, అనగా మోకాలి ఎత్తునకు దించి, వరండాలో గోడవెంబడి నడవమనెను. "యాడదాకా నడవాల్నమ్మా?" "ఆ తలుపుదాకా పోయి తిరిగి రా పెద్దమ్మా, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకో." ఆమె నడచుచుండగా బొమ్మ రెండుమార్లు నిలిచిపోయినది. కుంటివాడు కుంటుట ఒక్క అడుగులో సగము సేపే. బొమ్మ స్తంభించినది సరిగా ఆ సగమడుగుననే. వైద్యుడు మరల నడవమని, అప్పటికిని తృప్తి చెందక, నడకను ఫోనులోనే వీడియోగా తీసి పంపుమనెను. ఆ పంపిన వీడియోలో, కుడికాలు నేలనూనినప్పుడెల్ల మోకాలు వెలుపలికి తోసుకొనిపోవుట స్పష్టముగ కనబడినది. ప్రత్యక్షప్రసారముకంటె రికార్డు చేసినదే మేలైన సాక్షి యగుట యిటువంటి చోట్ల తరచు.

కదలిక విషయమున తెర గొప్పతనము ఇంకొకటి కలదు. అది భుజమునొప్పిలో బయటపడును. కలిగిరి, డి.సి.పల్లి పొగాకు వేలముకేంద్రముల చుట్టుప్రక్కల బ్యారన్లలో ఆకు కఱ్ఱలను పైవరుసలకెత్తి పేర్చు కూలీలకు భుజము పట్టుట సామాన్యము. చేయి ప్రక్కనుండి పైకెత్తునప్పుడు 60 డిగ్రీలకును 120 డిగ్రీలకును నడుమనే నొప్పిపుట్టి, దానికి పైన తగ్గిపోయినచో, భుజపు పైకప్పుక్రింద నలిగెడు స్నాయువుమీద అనుమానము కలుగును. ఆ నొప్పి ముఖముమీద కనబడును. దానిని చూచుటకు చేయి యక్కరలేదు. తన బలముతో ఎత్తలేని చేతిని రెండవ చేతితో పట్టుకొని ఎత్తుమన్నప్పుడు సులువుగ పైకి పోయెనా, స్నాయువు తెగినదేమో యనుకొనవలెను. అప్పుడును పోకున్న, ముఖ్యముగా మోచేతిని నడుమునకంటించి అరచేయిని వెలుపలికి తిప్పుమన్నప్పుడు కదలకున్న, కీలుగూడే బిగిసినదని యెంచవచ్చును. బిగిసిన భుజము మధుమేహమున్నవారిలో ఎక్కువ గనుక, చక్కెర పరీక్షకు అక్కడికక్కడే చీటి వ్రాయవచ్చును. అయితే భుజమునకు బదులు వీపురెక్కను ఎగదోసి చేయి ఎత్తినట్లు చూపించు నేర్పు రోగులకు తెలియకనే యబ్బును. దానిని పట్టవలెనన్న వెనుకనుండి కూడ చూడవలెను. ముందునుండి మాత్రమే చూచు తొందరపాటు వైద్యునిది, తెరది కాదు.

కండబలమును సున్న మొదలు అయిదువరకు అంచెలుగ లెక్కించు పద్ధతి వైద్యులెల్లరు నెరిగినదే. భూమ్యాకర్షణమునకెదురుగా అవయవమును ఎత్తగలిగినచో మూడు. అంతవరకు తెర చాలును. నాలుగు, అయిదు అనునవి వైద్యుడు తన చేతితో అడ్డగించి రోగి బలమును తనబలముతో తూచి చెప్పవలసినవి. తెర అచ్చట మూగయగును. దానికి ప్రత్యామ్నాయముగ పడమటిదేశములవారు కుర్చీనుండి చేతులూనక లేచుట, మడమలమీద నడచుట, మునివ్రేళ్లమీద నడచుట మొదలగువాటిని వాడుచున్నారు. మనవారికి కుర్చీకంటె నేల మేలు. సకలముకులముగా కూర్చుండి, చేతులు నేలనూనక లేవగలిగినవాని తుంటికిని తొడకును కావలసినంత బలమున్నదని ధైర్యముగ చెప్పవచ్చును. గొంతుకూర్చుండి లేచువాని మోకాలు పూర్తిగ ముడుచుకొనునని వేరుగ కొలువనక్కరలేదు. పొలమునను వంటింటను దినమునకు పలుమార్లు చేయు ఈ పనులే మన దేశపు నిజమైన కండపరీక్షలని నా యభిప్రాయము.

ఇక ఈ సీమకు ప్రత్యేకమైన జబ్బునకు వత్తము. 1937లో షార్టు మొదలగు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి ప్రకటించిన వ్యాసములు భారతదేశమున ఎముకల ఫ్లోరైడు జబ్బునకు తొలి శాస్త్రీయవర్ణనలుగా పేరొందినవి. ఆ రోగులు ఆనాటి నెల్లూరు జిల్లావారు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు కేంద్రముగ వేరు జిల్లా యేర్పడువరకు నెల్లూరుతోనే కలిసియుండెడివి. ఉదయగిరి వాటికి ఇరుగుపొరుగు. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతపు బోరునీటిలో నేటికిని ఆ విషము కలదు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒక మిల్లిగ్రామును మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నరవరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. ఏండ్లతరబడి అంతకు మించిన నీరు త్రాగినవారి వెన్నెముకలో స్నాయుబంధములు ఎముకగా మారి, వెన్ను, మెడ, తుంటి క్రమముగ బిగిసి, మనిషి ఒకే కొయ్యతో మలచినట్లగును. 2008-09లో ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమము ఆరంభమైనప్పుడు తొలుత చేపట్టిన కొలది జిల్లాలలో నెల్లూరు ఒకటి.

ఈ జబ్బును తొలిదశలో అనుమానించుటకు ఆరోగ్యకార్యకర్తలకు నేర్పు మూడు పరీక్షలున్నవి. మోకాళ్లు వంచక నేలమీది నాణెమును తీయుట, గడ్డమును రొమ్మునకానించుట, చేతులను ప్రక్కలకు చాపి, మోచేతులు మడిచి, తల వెనుకభాగమును తాకుట. చూచితిరా, మూడింటిలో దేనియందును వైద్యుని చేతికి పనిలేదు. దూరమునుండి చేయుటకే కల్పించిరా యన్నట్లు అమరియున్నవి. నూరు కిలోమీటర్ల యవతలనున్న వైద్యుడు, కెమెరాను ప్రక్కవాటుగ పెట్టించి, నాణెము తీయుటకు వంగిన వాని మోకాలు దొంగతనముగ వంగుచున్నదో లేదో స్పష్టముగా చూడగలడు. "వంగలేకుండా ఉండానయ్యా, నడుము ఇనపకడ్డీ అయిపోయినాది" అని రోగి చెప్పు మాటకు తెర అక్షరాల సాక్ష్యమిచ్చును.

అయినను ఇచ్చటనే జాగ్రత్త పడవలెను. నాణెమును తీయలేకపోవుట ఫ్లోరైడు జబ్బునకు మాత్రమే లక్షణము కాదు. వెన్నుపూసలు అతుకుకొనిపోవు వాతరోగము గల యువకుడును, డిస్కు జారినవాడును, తుంటికీలు అరిగినవాడును తీయలేడు. తిరుగ, వెన్ను బిగిసినను తుంటి సాగినవాడు నాణెమును తీసి చూపును, తెర మోసపోవును. ఈ మోసమును పట్టుటకు షోబర్ అను జర్మనుదేశపు వైద్యుడు ఒక చిన్న ఉపాయము చెప్పెను. ఆ వ్యాసముకూడ 1937లోనిదే యగుట కాకతాళీయము. నడుము క్రింది యెముకవద్ద ఒక గుర్తు, దానికి పది సెంటీమీటర్ల పైన వేరొక గుర్తు పెట్టి, రోగిని వంగుమన్నచో, ఆరోగ్యవంతుని వెన్ను సాగి ఆ దూరము పదునైదు సెంటీమీటర్ల వరకగును. బిగిసిన వెన్ను సాగదు. దీనికి ఒక పెన్నును, దర్జీటేపును, వాటిని సరియైనచోట పెట్టగల యొక చేయియు కావలెను. సి.హెచ్.ఓ. కొలిచి చెప్పును, వైద్యుడు ఆమె చేతిని చూచుచుండును. ఆమె లేని యింటిపరీక్షలో ఈ కొలత లేదు. ముంజేతి రెండెముకల నడుమ పొర గట్టిపడినదో లేదో చూపు ఎక్స్‌రేయు, మూత్రములోని ఫ్లోరైడు పరీక్షయు తీయించకుండ తెరమాత్రమే చూచి ఈ జబ్బు పేరు పెట్టుట, వెన్ను బిగిసిన ప్రతివానిమీదను బోరునీటి నేరమును మోపుటయే.

ఇంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి. ఎముక పెరిగి వెన్నుపాము నొక్కబడినప్పుడు కాళ్లు బిగుసుకొని బలహీనపడును. మోకాలిక్రింద చిన్నసుత్తితో కొట్టినప్పుడు కాలు మామూలుకంటె ఎక్కువగ ఎగురుట, అరికాలిని గీచినప్పుడు బొటనవ్రేలు పైకి లేచుట దాని గుర్తులు. ఇవి తెరమీద చేయునవి కావు. కాని ప్రశ్నలడుగవచ్చును. "నడచునప్పుడు కాలి చెప్పు జారిపోవుచున్నదా? జారినట్లు తెలియుచున్నదా, వెనుకకు చూచుకొన్న తరువాతనే తెలియుచున్నదా?" అని మనదేశపు వైద్యులు ఎప్పటినుండియో అడుగుచున్నారు. హవాయిచెప్పు వేసికొని వరండాలో నడచి చూపమన్నచో సమాధానము కొంత కంటికే దొరకును. అనుమానము కలిగినప్పుడు తెరపరీక్ష అక్కడితో ముగియవలెను.

ఉదయగిరి అనగానే కొయ్యచెంచాలు, గరిటెలు గుర్తుకువచ్చును గదా. నర్ది, బిక్కి, దేవదారి మొదలగు చెట్ల కొయ్యతో వాటిని మలచు చేతిపనివారికి బొటనవ్రేలి మొదట, మణికట్టుప్రక్కన నొప్పిపుట్టుట వింతకాదు. ఉలినో ఆకురాయినో గట్టిగా పట్టి దినమెల్ల తిప్పు బొటనవ్రేలి స్నాయువు తన ఒరలోనే ఒరసుకొనును. బొటనవ్రేలిని పిడికిలిలో మూసి, మణికట్టును చిటికెనవ్రేలివైపునకు వంచుమన్నచో ఆ రోగి కెవ్వున నరచును. రోగి తానే చేసికొను పరీక్ష యిది. దూరమువలన దీనికి నష్టము స్వల్పము. మణికట్టులో నరము నొక్కబడినవానికి రెండు మణికట్లను వంచి, చేతుల వెనుకభాగములను నిముషముపాటు ఆనించి పట్టుమనుటయు నట్టిదే. చిన్నకీళ్ల పరీక్షలో తెర పెద్దకీళ్లకంటె మేలుగ పనిచేయుట నాకు మొదట ఆశ్చర్యమనిపించినది. కారణము ఆలోచింపగా తెలిసినది. చేయి మనిషికి తన యెదుటనే యుండును, ఫోనునకు దగ్గరగా పట్టవచ్చును, చీరయు పంచెయు అడ్డురావు.

ఇక, చేతికి మాత్రమే తెలియు విషయముల మాట. కుండ కొనువాడు చూచి సరిపెట్టుకొనడు, వ్రేలితో మ్రోగించి చూచును. మోకాలిలో నీరు చేరినప్పుడు చిప్పను నొక్కగా అది క్రిందికి తాకి తేలుట వ్రేలికే తెలియును. రెండు మోకాళ్లమీద చేతి వెనుకభాగము నుంచి ఒకటి రెండవదానికంటె వేడిగా నున్నదని చెప్పుట కెమెరాకు చేతకాదు. నల్లనిచర్మముమీద ఎఱ్ఱదనము తెరపై సరిగా కనబడదు గనుక వేడిని తాకి చూచుట మనవారికి మరింత యవసరము. క్రీడలలో మోకాలిలోపలి ముఖ్యబంధము తెగినదా యని తెలిసికొను లాక్‌మన్ పరీక్షలో, కాలియెముకను ముందుకు లాగినప్పుడు అది ఠక్కున ఆగుచున్నదా, మెత్తగా జారుచున్నదా అనునదే ప్రాణము. దానిని రోగి తనకు తాను చేసికొనలేడు. తెలియని బంధువుచే చేయించుట మంచిదియు కాదు. నీరు, వేడి, తాకుడునొప్పి అను మూడింటిని సి.హెచ్.ఓ.లకు చక్కగా నేర్పవచ్చును. లాక్‌మన్ వంటివి మాత్రము ఎముకలవైద్యునికే వదలవలెను. "ఈడ తాకితే నొప్పా, ఈడనా?" అని ఆమె ఒక్క వ్రేలితో నొక్కుచు పోవుచుండగా వైద్యుడు ఆమె వ్రేలిని కాక రోగి కనుబొమ్మలను చూడవలెను. మోకాలి లోపలి అంచుననా, చిప్పక్రిందనా, వెనుకగుంటలోనా యనుటతోనే సగము రోగనిర్ణయము పూర్తియగును.

స్త్రీల విషయమున మరొక చిక్కు. చీరకట్టులో తుంటిని, నడుమును చూపుట తెరముందు సిగ్గు. అవతల ఎవరెవరు చూచుచున్నారో యన్న సంశయము సహజము. గదితలుపు వేసి, ప్రక్కన ఆడమనిషియుండి, వదులు పైజామాయో, నైటీయో తొడిగించినచో పరీక్ష నిక్కువముగ మెరుగుపడును. సిగ్గుచే సగము వంగిన నడుమును బిగిసిన నడుమని లెక్కించుట తరచు జరుగు పొరపాటు. కెమెరా నడుము ఎత్తునను, అయిదారడుగుల దూరమునను, వెలుతురు రోగికి ముందుండునట్లును అమర్చుట చిన్న సంగతులేయైనను, పరీక్ష నమ్మదగినదగుట వీటిమీదనే చాలవరకు ఆధారపడియుండును. ముందు నొప్పిలేని కాలిని, తరువాత నొప్పియున్న కాలిని చూపించినచో వైద్యునికి పోల్చుకొనుటకు కొలమానము దొరకును.

ఇంక, తెరముందు కూర్చుండనే కూడనివారెవరో చెప్పెదను. నడుమునొప్పితోపాటు మలమూత్రములమీద అదుపు తప్పినవారు, తొడలనడుమ స్పర్శ తెలియనివారు. దినములలోనే కాళ్లబలము తగ్గి గోడపట్టి నడచుచున్నవారు. ఒక్కకీలు అకస్మాత్తుగ వాచి, కాలిపోవుచు, జ్వరముతో కదపలేకున్నవారు. పడిన తరువాత కాలు మోపలేనివారు. కుంటుచు, నడవనని మొండికేయు జ్వరపుబిడ్డలు. వీరిని తెరముందు నిలిపి నడిపించి చూచుటచే పోవు గంటసేపును తిరిగి రాదు. అట్టివారిని ఆరోగ్యకేంద్రమువారు తెర తెరవకయే, 108 వాహనమును పిలిపించి, ఆత్మకూరునకో నెల్లూరునకో ఆ పూటనే పంపవలెను. వెన్ను దెబ్బతిన్నదన్న అనుమానమున్నచో, ఆటోలో కూర్చుండబెట్టక, చెక్కబల్లమీద వెల్లకిల పరుండబెట్టియే తరలింపవలెను.